గెలుపోటములు సహజమట

మొన్న ఆదివారం పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఒకాయన నా భుజం మీద చెయ్యేసి, "ఆటన్నాక గెలుపోటములు సహజమండీ మాస్టారూ. ఇంకా అదే మనసులో పెట్టుకుంటే ఎలాగండీ" అన్నారు. ఆయన మంచివారే. కానీ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గెలుపోటములు సహజమని నాకు తెలీకనా? ఉప్పాడలో పుట్టినవాణ్ణి. వేటకెళ్ళిన బోటు ఒట్టి వలతో తిరిగి రావడం చూస్తూ పెరిగినవాణ్ణి. అలాంటి రోజున ఒడ్డు మీద ఆడవాళ్ళు ఎవరూ "సహజమేలే" అనరు. డీజిలెంత పోశారు, వల ఎక్కడ వేశారు, అక్కడే ఎందుకు వేశారు అని నిలదీస్తారు. గంపలు పట్టుకుని తెల్లవారుజాము నుంచి ఎదురుచూసింది వాళ్ళు. అడిగే హక్కు వాళ్ళకుంది.

నా టీము హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుణె జట్టు మూతపడితే ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ లీగులో ఆ చోటులోకి వచ్చింది. తెలుగునేలకి ఆ లీగులో ఒక జట్టంటూ ఏర్పడటం అదే మొదలు. రాష్ట్రం వేరు కదా, మనకేంటి అన్నవాళ్ళున్నారు. నాకలా అనిపించలేదు. సొంతగడ్డ మీద తొలి మ్యాచ్ నవంబర్ 2న అంటే, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళాను. గచ్చిబౌలి స్టేడియానికి పెట్టింది కూడా మా గోదావరి మనిషి పేరే, జి.ఎం.సి. బాలయోగి గారిది. లోక్‌సభ స్పీకరుగా ఉండగానే 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పరాయి ఊళ్ళో ఆయన పేరున్న చోట కూర్చుంటే మా పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళినట్టే అనిపించింది.

స్టాండుల్లో ఎటు చూసినా పసుపు చొక్కాలు. అన్నీ కేరళ బ్లాస్టర్స్ వాళ్ళవి. మొదటి గోలు వాళ్ళదే, రాహుల్ కె.పి. కొట్టాడు. రెండో సగంలో పెనాల్టీతో స్టాంకోవిచ్ సమం చేశాడు. ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా మార్సెలిన్యో ఫ్రీకిక్ తీసుకున్నాడు. బంతి వలలో పడగానే నా పక్కనున్న ముక్కూమొహం తెలియని కుర్రాడు నన్ను వాటేసుకుని ఏడ్చాడు. 2-1. ఆ సీజన్లో మేము గెలిచినవి రెండే, ముగించింది అట్టడుగున. అయినా ఆ కుర్రాడి చెమట తడి నా చొక్కా మీద ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

తర్వాత 2022 మార్చి 20. గోవాలో ఫైనల్, మళ్ళీ ఆ కేరళతోనే. ఆ రాత్రి నేను మా ఊళ్ళోనే ఒక నేత స్నేహితుడి ఇంట్లో ఉన్నాను. మగ్గం మీద సగం నేసిన జాందానీ చీర. జాందానీకి మగ్గం దగ్గర ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఒక్కో బుటా చేత్తోనే ఎత్తాలి. ఆ ఇద్దరూ పేక వదిలేసి మ్యాచ్‌కి చేరారు. ఫోను పడుగు మీద పెట్టబోతే వాళ్ళావిడ కేకేసింది. గోడ మేకుకి తాడు కట్టి వేలాడదీశాం. ఈసారి పసుపు చొక్కాలు మావి, కేరళవాళ్ళు నలుపులో వచ్చారు. 68వ నిమిషంలో గోలు కొట్టింది మళ్ళీ ఆ రాహుల్ కె.పి.యే. 88లో సాహిల్ తవోరా దూరం నుంచి ఒక్క తన్ను తన్నాడు, 1-1. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. నార్జరీ ఆఖరిది కొట్టాక ఆ ఇంటి మామ్మగారు లేచొచ్చి, "ఎవరికర్రా పెళ్ళి కుదిరిందీ?" అని అడిగింది.

హైదరాబాదుకి ఫుట్‌బాల్ కొత్త కాదని ఎంతమందికి చెప్పానో. రహీం సాబ్ పేరు మన పిల్లలు ఎందుకు చదవరో నాకు అర్థం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. 1950 నుంచి 1954 దాకా ఐదేళ్ళూ వరసగా రోవర్స్ కప్ ఆ జట్టుదే. ఆయన చేతుల మీదుగా భారతదేశం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్ళీ బంగారం తెచ్చింది. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సరు. మరుసటి ఏడే పోయారు. కుర్రాళ్ళకి వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారట. బంతిని కాలికి అంటించుకు తిరగొద్దు, వెంటనే తోటివాడికియ్యి అనేవారట. నేను నలభై ఏళ్ళు బళ్ళో పాఠం చెప్పాను. ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు. ఇంత వంశం ఉన్న ఊరి జట్టు మీద ఆశ పెట్టుకోవడం తప్పెలా అవుతుంది?

2022-23లో లీగులో రెండో స్థానం. ఆ మరుసటి ఏడే అంతా కూలిపోయింది. ఆటగాళ్ళ బకాయిల గొడవ, కొత్తవాళ్ళని తీసుకోవద్దని ఫిఫా నిషేధం. విదేశీయులూ సీనియర్లూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలింది కుర్రాళ్ళు. 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు, 8 పాయింట్లు. నిజం చెబుతున్నాను, నేను బాగా ప్రేమించింది కప్పు గెలిచిన జట్టుని కాదు, ఆ కుర్రాళ్ళని. మార్చిలో చెన్నై వెళ్ళి చెన్నయిన్ మీద 1-0తో గెలిచారు. ఆ రాత్రి ఇంట్లో సున్నుండలు పంచాను. అభిమాని కప్పు అడగడు. బంతి పోతే దాని వెనక పరిగెత్తమంటాడు. వాళ్ళు పరిగెత్తారు.

మరుసటి ఏడు యాజమాన్యం మారింది, జట్టు పదమూడింట్లో పన్నెండోది అయింది. కోపమొచ్చింది, తిట్టాను, మళ్ళీ చూశాను. ఆ తిట్టు కూడా చుట్టరికమే. 2025 అక్టోబరులో జట్టే ఢిల్లీ వెళ్ళిపోయింది. పేరు కూడా మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట. వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి, కాదనను. కానీ మన కాకినాడలో హీరో సినిమా వరసగా పది పోయినా పదకొండోదానికి కుర్రాళ్ళు కటౌట్ కడతారు. హీరో ఊరు మార్చుకుని వేరే పేరుతో రాడు కదా. ఓటమిని ఓర్చుకోవడం నాకొచ్చు. ఎవరిని తిట్టాలో తెలియకపోవడమే ఓర్చుకోలేకపోతున్నాను. టీ కొట్టు దగ్గర ఆయనకి ఇదే చెప్పాలనుకున్నాను. టీ చల్లారిపోయింది, చెప్పలేదు.

అక్కణ్ణుంచి ఒడ్డుకే నడిచాను. మా చిన్నప్పుడు మేం బంతాడిన ఇసుక ఇప్పుడు అలల కింద ఉంది. ఉప్పాడని సముద్రం ఏడాదికింత తినేస్తోంది. రోడ్డు కాపాడడానికి బండరాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలు వేశారు, అవీ చిరిగాయి. మా మేనమామ ఇల్లు ఉన్న వీధి లేదు. తుఫాను వెలిసిన మర్నాడు జనం ఆ ఒడ్డు మీదే వంగి బంగారం వెతుకుతారు. పడిపోయిన ఇళ్ళలోదే కొట్టుకొస్తుందని పెద్దలంటారు. మా అత్తకి ఒకసారి ముక్కుపుడక దొరికింది. ఎవరిదోనని పదిమందినడిగి, ఎవరూ నాదనకపోతే ఇంట్లో దేవుడి దగ్గర పెట్టింది.

ఆ రోజు సముద్రం పాటు మీదుంది. ఇసుక బాగా బయటపడింది. పిల్లలు తెడ్డు ముక్కలు నాలుగు పాతి గోలు చేసుకున్నారు. కిందటేటికన్నా రోడ్డు వైపు జరిపి పాతారు. ఒకడు ఎడం కాలితో గట్టిగా తన్నాడు. బంతి వెళ్ళి రాళ్ళ సందున ఇరుక్కుంది. తీయడానికి నలుగురూ పరిగెత్తారు.