పాలపొడి డబ్బాల సొరంగం

ఇంట్లో మగవాళ్లు టీవీ ముందు నుంచి కదలకుండా చూసే ఇంగ్లీషు సినిమాల్లో ‘ది గ్రేట్ ఎస్కేప్’ ఒకటి. జాన్ స్టర్జెస్ 1963లో తీశాడు. “యుద్ధం సినిమా మనకెందుకులే” అనుకుని మీరు వంటింట్లోకి వెళ్లిపోయే ఉంటారు. నేనూ మొదట్లో అంతే! కానీ ఆ కథ నిజంగా జరిగిన చోటు గురించి తెలిశాక కూర్చుని చూడకుండా ఉండలేకపోయాను. రండి, మీకూ చూపిస్తాను.

ఊరి పేరు జగాన్. ఇప్పుడు పోలండ్‌లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అది జర్మనీలోని సాగన్. ఊరి శివారున పైన్ చెట్ల అడవి. పట్టుబడిన శత్రుదేశాల వైమానికుల్ని అక్కడి శిబిరంలో బంధించేవారు. నేలంతా ఇసుక. పైన బూడిదరంగు, కాస్త తవ్వితే పసుపుపచ్చ. తవ్విన ఇసుక ఎక్కడ పోసినా కాపలావాళ్ల కంట పడాల్సిందే!

మరి ఏం చేశారంటారా? పొడుగు లోదుస్తుల కాళ్లతో సంచులు కుట్టారు. వాటిలో ఇసుక నింపి, పంట్లాం లోపల వేలాడదీసుకుని, షికారుకి తిరుగుతున్నట్టు నడుస్తూ కొంచెం కొంచెంగా నేలమీద వదిలేవారు. ఆ బరువుకి పెంగ్విన్ పక్షుల్లా అడుగులేసేవారని వాళ్లకి ఆ పేరే పెట్టారు.

సొరంగాలు మూడు... టామ్, డిక్, హ్యారీ. చివరికి పనికొచ్చింది హ్యారీ. 104వ నంబరు బారక్‌లో పొయ్యి కింద దాని నోరు. లోతు సుమారు 9 మీటర్లు, పొడవు 100 మీటర్ల పైన, వెడల్పు రెండడుగులే. ఇసుక కూలకుండా మంచాల చెక్కలు తీసి కట్టారు. రెడ్‌క్రాస్ పార్సెళ్లలో వచ్చిన పాలపొడి డబ్బాల అడుగులు కోసి, ఒకదానికొకటి కలిపి గాలి గొట్టం చేశారు. మాంసం కొవ్వు పోసి, పైజమా నాడాని వత్తిగా వేసి దీపాలు వెలిగించారు. మనం ఖాళీ డబ్బా పారేయకుండా దాచుకుంటే ఇంట్లో నవ్వుతారు కదా, చూడండి మరి!

అంతేనా! దుప్పట్లతో, యూనిఫారాలతో మామూలు సూట్లు కుట్టారు. జెల్లీతో మ్యాపులకి కాపీలు తీశారు. దారిలో తినడానికి ఓట్లు, పంచదార, కోకో, ఎండుద్రాక్ష కలిపి ఉండికించి డబ్బాల్లో దట్టించారు. మన ఊరు ప్రయాణాలకి సున్నుండలు కట్టుకున్నట్టే అనుకోండి.

1944 మార్చి 24 రాత్రి, మంచు పడి ఉన్న చలిలో ఒక్కొక్కరే పాకుతూ బయల్దేరారు. తీరా చూస్తే సొరంగం అవతలి నోరు అడవి దాకా రాలేదు, ఇవతలే తేలింది! అయినా 76 మంది బయటపడ్డారు. పూర్తిగా తప్పించుకోగలిగింది ముగ్గురే. 73 మంది దొరికిపోయారు. హిట్లర్ ఆజ్ఞతో వారిలో 50 మందిని కాల్చి చంపారు.

సినిమాలో అందరికీ గుర్తుండేది స్టీవ్ మెక్వీన్ మోటారుసైకిల్. నిజానికి అలాంటి ఛేజింగే జరగలేదు. కానీ సినిమాని ఆ 50 మందికే అంకితమిచ్చారు. అందుకే నాకది ఇష్టం.

ఇప్పుడు జగాన్‌లో మ్యూజియం ఉంది. 104వ బారక్‌ని మళ్లీ కట్టారు. హ్యారీ సాగిన దారిని నేలమీద గుర్తుపెట్టారు. ఆ దారి వెంబడి నడిస్తే రెండు నిమిషాలు పట్టదు. దానికోసం సుమారు 600 మంది నెలల తరబడి చాకిరీ చేశారు. వెళ్లడానికి వంతు వచ్చింది 200 మందికే. మిగతావాళ్లు తాము వెళ్లమని తెలిసీ కుట్టారు, తవ్వారు, ఇసుక మోశారు. చనిపోయిన మిత్రులకి స్మారకాన్ని కూడా ఆ ఖైదీలే కట్టుకున్నారు. అదింకా అక్కడే ఉంది.

పెళ్లి ఫోటోల్లో వంటవాళ్లు కనిపించరు. కానీ వాళ్లు లేకపోతే పెళ్లే లేదు! ఈసారి టీవీలో ఆ సినిమా వస్తే పొయ్యి కట్టేసి వచ్చి కూర్చోండి. మోటారుసైకిల్ని మగవాళ్లు చూసుకుంటారు. మీరు మాత్రం ఆ సంచులు కుట్టిన చేతుల్ని చూడండి.