గుండెకు తోడు

గుండెజబ్బు అనగానే మీకు నెయ్యి, నూనె, సిగరెట్టు గుర్తుకొస్తాయి. నిజమే, వాటి పాపం వాటిదే. కాని మీ సాయంత్రాలు ఎవరితో గడుస్తున్నాయని డాక్టరెవరైనా మిమ్మల్ని అడిగారా? నేను అడుగుతుంటాను. ఎందుకో చెబుతాను, వినండి.

ఇటలీలో రోసెటో వాల్‌ఫోర్టోరే అని ఒక చిన్న ఊరు. పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడి బీదజనం పొట్ట చేతబట్టుకుని అమెరికా వెళ్ళి, పెన్సిల్వేనియా పలకరాతి గనుల్లో పనికి కుదిరారు. అక్కడే రోసెటో అనే పేరుతోనే మరో ఊరు కట్టుకున్నారు. 1960 దశకంలో స్టీవార్ట్ ఉల్ఫ్ అనే డాక్టరు చూస్తే, ఆ ఊళ్ళో గుండెపోటు చావులు చుట్టుపక్కల ఊళ్ళలో సగమైనా లేవు. పోనీ తిండి పథ్యమా అంటే, పందికొవ్వుతో వంటలు! ఒకే ఇంట్లో మూడు తరాలు, వీధిలో పలకరింపులు, కలిగినవాడు లేనివాడి ముందు దర్జా ఒలకబోయకపోవడం - డాక్టర్లకు కనిపించిన విశేషం ఇదే. తర్వాత ఆ కట్టు సడలింది. 1935 నుంచి యాభయ్యేళ్ళ మరణాల లెక్కలు 1992లో వెలువడ్డాయి. మొదటి ముప్పయ్యేళ్ళూ ఉన్న తేడా ఆపైన మాయమైంది.

ఒక్క ఊరి లెక్క ఏం లెక్క అంటారా? 2016లో అనేక అధ్యయనాలను కలిపి చూశారు. తోడులేనివారికి గుండెజబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం ఎక్కువని తేలింది.

మన ఓరుగల్లు సంగతి మీకు తెలియనిది కాదు. పాత ఇళ్ళకు అరుగులుండేవి. రోడ్డు వెడల్పుకు కొన్ని, కారు పెట్టుకోవడానికి కొన్ని పోయాయి. 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లులో షిఫ్టు దిగినవాళ్ళు గుంపుగా ఇళ్ళకు నడిచేవారు. ఆ మిల్లూ మూతపడింది. ఎంగిలిపూలనాడు వెయ్యిస్తంభాల గుడి దగ్గర, సద్దులనాడు పద్మాక్షి గుండం దగ్గర ఇప్పటికీ ఆడవాళ్ళు కలిసి ఆడతారు, సద్దులు పంచుకుంటారు. సంతోషమే. మిగిలిన 356 రోజుల మాటేమిటి?

హనుమకొండలో ఒక పెద్దావిడ. పిల్లలు అమెరికాలో. మాత్రలు వేళకు వేసుకుంటున్నా రక్తపుపోటు దిగదు. ఏం తింటున్నారమ్మా అన్నాను. "ఒక్క పానానికి పొయ్యేం వెలిగిస్త సారూ, ఇంత పచ్చడేసుకుని తింట" అన్నది. ఒంటరితనం ఉప్పు రూపంలో ఒంట్లోకి పోతోందన్నమాట! మాత్ర మార్చలేదు. పొద్దున్నే పక్కింటివారితో భద్రకాళి చెరువు కట్టకు నడకకు వెళ్ళమన్నాను, ఒక పూటైనా వాళ్ళతో కలిసి వండుకోమన్నాను. రెండు నెలలకు పోటు దారికొచ్చింది.

అలాగని కబుర్లు చాలునని మాత్రలు మానేసేరు! సిగరెట్టు మానవలసిందే, చక్కెర పరీక్ష చేయించుకోవలసిందే.

ఒంటరిగా ఉండేవారు మరొక్క పని చేయండి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమచేయి లాగడం కనిపిస్తే నిమిషాలు కూడా విలువైనవే. వెంటనే 108కి ఫోన్ చేయాలి. వచ్చినవాళ్ళకు తలుపు తీసేదెవరు? మీ ఇంటి రెండో తాళంచెవి ఈవేళే పక్కింటివారికి ఇచ్చి రండి. వెళ్ళినవారు కాసేపు కూర్చుని రండి.