పేరు లేని చీటీలు

మ్యూజియంలో నేను బొమ్మ కంటే ముందు దాని పక్కనున్న చీటీ చదువుతాను. ఇంట్లోవాళ్లకు ఇది నచ్చదు. చదువుకోడానికైతే అంత దూరం రావడమెందుకంటారు.

అంత దూరం అంటే బస్తర్‌లోని జగదల్‌పూర్. విశాఖలో కిరండూల్ పాసింజరెక్కి, అరకు సొరంగాలన్నీ దాటి అక్కడ దిగాలి. చిత్రకోట జలపాతానికి వెళ్లే దారిలో ధరంపుర దగ్గర భారత మానవశాస్త్ర సర్వేక్షణ వారి మ్యూజియం ఉంది. 1972లో పెట్టారు. జలపాతం కోసం పరుగెత్తే జీపులు దాని ముందు ఆగవు, కనుక లోపల తీరిగ్గా చూసుకోవచ్చు. మారియా తెగవాళ్లు ఆటకు కట్టుకునే అడవిదున్న కొమ్ముల తలపాగాలు, మురియాల చెక్క దువ్వెనలు, విల్లంబులు, ముసుగులు, నగలు. దోర్లాల పేరు కనిపిస్తే నాకు చుట్టాలు ఎదురైనట్టే ఉంటుంది. సుక్మా, కోంటా వైపు ఉండే వీళ్లు మన గోదావరి కోయల దగ్గరివాళ్లు, వాళ్ల మాటలో తెలుగు బాగా కలిసింది. ఇక చీటీల సంగతి. వస్తువు పేరు ఉంటుంది, తెగ పేరు ఉంటుంది. చేసినవాడి పేరు మాత్రం నాకు కనబడలేదు.

2011లో హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి ప్రాచీన చైనా వస్తువుల ప్రదర్శన వచ్చింది. మన పురావస్తు శాఖ, చైనా ప్రభుత్వం కలిసి ఢిల్లీ, ముంబై, హైదరాబాద్, కోల్‌కతాల్లో తిప్పారు. బస్తర్ ఢోక్రా ఇత్తడి బొమ్మల ముందు నిలబడితే నాకు అక్కడ చూసిన చైనా కంచు గుర్తుకురావడానికి కారణం ఉంది. పోతపనిలో రెండూ రెండు దారులు.

బస్తర్‌లో ఢోక్రా పోతపనివాళ్లైన ఘడ్వాలు ముందు మట్టితో బొమ్మ రూపం చేస్తారు. తేనెమైనాన్ని గొట్టంలో పెట్టి, మనం జంతికలు వత్తినట్టు, సన్నటి తీగలు తీస్తారు. ఆ తీగలను మట్టి మీద చుట్టి కళ్లు, నగలు, జడ అన్నీ తీరుస్తారు. పైన మళ్లీ మట్టి పూత. కొలిమిలో కాల్చగానే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక పై మట్టిని పగలగొట్టాలి. అందుకే అచ్చుగుద్దినట్టు రెండు బొమ్మలు ఉండవు. మొహెంజొదారో నాట్యకత్తెను పోసిందీ మైనం పద్ధతిలోనే. ఆమె ఎత్తు పట్టుమని పదకొండు సెంటీమీటర్లు లేదు.

షాంగ్ రాజుల కాలపు చైనా పోతగాళ్లు మైనం జోలికి పోలేదు. మట్టి నమూనా చుట్టూ తడిమట్టి పెట్టి, దాన్ని ముక్కలుగా కోసి తీసి, లోపలి వైపు నగిషీ చెక్కి, మళ్లీ అతికించి కంచు పోసేవారు. అన్యాంగ్‌లో 1939లో బయటపడిన కంచు పాత్ర బరువు 832 కిలోల పైమాటే. అంత కంచును కరిగించి పోయడానికి ఎందరు కావాలో, వాళ్లకు అన్నం ఎవరు పెట్టాలో ఆలోచిస్తే, వెనకాల ఒక రాజ్యమే ఉండాలని తెలుస్తుంది. ఘడ్వాకు ఒక పెరడు చాలు. గొప్పదనం కిలోల్లో ఉందని నేను ఒప్పుకోను.

ఆ మహాపాత్ర మీద ఉన్న అక్షరాలు ఓ రాణివి. పోసినవాళ్లవి కావు. అయితే అదే చైనాలో, షాంగ్‌లు పోయిన ఎన్నో వందల ఏళ్లకు, చిన్ చక్రవర్తి సమాధి దగ్గరి మట్టి సైనికుల మీద పనివాళ్ల పేర్లు దొరికాయి, 80కి పైగా. 1974లో బావి తవ్వుతున్న రైతులకు ఆ సైన్యం తగిలింది. పేర్లు ఉన్నాయని నేను తొందరపడి సంతోషించాను. ఆ కాలపు పద్ధతి ఏమిటంటే, పని చేసినవాడు వస్తువు మీద పేరు వేయాలి. లోపం బయటపడితే ఎవణ్ణి దండించాలో తెలియాలిగా!

బస్తర్‌లో పేరు నిలుపుకున్నవాళ్లు లేకపోలేదు. దంతెవాడ జిల్లా బారసూర్ వెళ్తే ముప్పైరెండు స్తంభాల బత్తీసా గుడి ఉంది. రెండు గర్భగుళ్లు, రెండింటా శివుడే. నాగవంశపు సోమేశ్వరుడి రాణి గంగమహాదేవి 1208లో కట్టించింది. ఒక శివుడికి భర్త పేరు, ఇంకో శివుడికి తన పేరు. ఆ శాసనం తెలుగులో ఉంది. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలిపాడని చెప్పుకుంటాం గానీ, అతడి కంటే శతాబ్దం ముందే మన అక్షరం ఇక్కడ రాతికెక్కింది. ఒప్పుకుంటాను, ఛాతీ కొంచెం ఉబ్బింది. కానీ అది గుడి కట్టించినవారి తెలుగు. స్తంభాలు మోసినవాళ్లు ఇంట్లో ఏ మాట మాట్లాడుకున్నారో ఆ రాయి చెప్పదు.

ఘడ్వాల్లో జయదేవ్ బఘేల్ లాంటి కొండగావ్ కళాకారుడికి దేశదేశాల్లో పేరొచ్చింది. 2008లో బస్తర్ ఢోక్రాకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. అది కూడా ప్రాంతానికే గాని మనిషికి కాదు.

కొండగావ్‌లో ఓ పెద్దాయన దగ్గర ఏనుగు బొమ్మ కొంటూ, అడుగున మీ పేరు చెక్కివ్వండి దాదా అని హిందీలో అడిగాను. ఆయన బొమ్మను తిప్పి చూసి, "ఎందుకు బాబూ, తొండం విరిగితే తిరిగి తెస్తావా?" అన్నాడు. పక్కనున్న కొడుకు నవ్వి, పేరు చెక్కితే యాభై రూపాయలు ఎక్కువవుతుందన్నాడు. ఇచ్చాను.