నాంపల్లిలో తేలిక, హైవే మీద ఊపు



పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. హాస్టళ్ల నుంచి మనోళ్లు చాలామంది బైకుల మీదే బయలుదేరుతరు. దాదాపు 300 కిలోమీటర్లు. అందుకే ఈ పోస్టు.

మా రూమ్మేట్ తమ్ముడు సెకండ్ హ్యాండ్ టూరింగ్ బండి కొన్నడు. పాత ఓనర్ ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లో పైకి జరిపి, బండి ముందు భాగం 25 మిల్లీమీటర్లు దించిండు. నుమాయిష్ రద్దీలో నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ జీపీవో దాకా అది చేప లెక్క తిరిగింది. మేడ్చల్ దాటి 90లో పోతుంటే మాత్రం లారీ గాలికే హ్యాండిల్ ఊగింది.

కారణం ఇదీ. హ్యాండిల్ తిరిగే ఇరుసును గీతలా కిందికి పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు తగులుతుంది. ఆ దూరమే ట్రెయిల్. సూపర్‌మార్కెట్ ట్రాలీ చక్రం లాగా, వెనక ఈడ్చుకొస్తది కాబట్టే టైరు తనంతట తాను తిన్నగైతది. చక్రాల మధ్య 1400 మిల్లీమీటర్లున్న బండికి ముందు 25 దిగితే ఫోర్కు వాలు సుమారు 1 డిగ్రీ, ట్రెయిల్ 6, 7 మిల్లీమీటర్లు తగ్గుతాయి. పైగా వెనక మనిషి, బ్యాగులు ఉంటే ముందు చక్రం మీద భారం తగ్గి, హ్యాండిల్ ఇంకా తేలికైతది.

నాంపల్లి సందులో మెకానిక్‌తో ఫోర్కులు కంపెనీ ఎత్తుకే పెట్టించినం. రెండు వైపులా స్కేలుతో కొలిపించినం. ఇప్పుడు ఆబిడ్స్‌లో కొంచెం బరువుగా తిరుగుతది, హైవే మీద గీత గీసినట్టు పోతది.

పాత బండి కొనే తమ్ముళ్లూ, ముందు ఆ గొట్టాలు చూడండి. ఇంటికాడ మనకోసం ఎదురుచూసేటోళ్లున్నరు.