చల్లారిన కొండ చెంత

స్కాట్లండు దేశపు ముఖ్యపట్టణమైన ఎడింబరోలో, నగరము మధ్యనే ఒక చల్లారిన అగ్నిపర్వతమున్నది. దాని పేరు ఆర్థర్స్ సీట్. ఎత్తు 251 మీటర్లు మాత్రమే. సుమారు 34 కోట్ల సంవత్సరముల క్రితము అది నిప్పులు గ్రక్కినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తరువాత మంచుయుగములలో కదలిన పెను మంచుగడ్డలు దానిని చెక్కి నేటి రూపమునకు తెచ్చినవి. ఇప్పుడు దానినిండ పచ్చగడ్డి. నగరవాసులు షికారుకై దాని శిఖరమెక్కుచుందురు.

ఆ కొండ ప్రక్కనే సాలిస్‌బరీ క్రాగ్స్ అను నిలువు రాతిగోడ కలదు. కరిగిన రాయి పాత పొరల మధ్య దూరి గట్టిపడుటచేత అది ఏర్పడినది. 18వ శతాబ్దములో ఎడింబరో వాసియైన జేమ్స్ హటన్ ఆ రాళ్లను పరిశీలించి, భూమి చరిత్ర మనుష్యులు తలంచినదానికంటె బహు దీర్ఘమైనదని బోధించెను. మన తెలంగాణలోని ఆదిలాబాదు ప్రాంతపు నల్లరేగడి నేలలు కూడ ప్రాచీనమైన లావా రాతినుండి వచ్చినవే. ఒకనాటి అగ్నియే నేడు ప్రత్తి పండించుచున్నది!

కొండకు ఆగ్నేయముగా డడింగ్‌స్టన్ అను శివారు ప్రాంతమున్నది. పూర్వము అది వేరొక గ్రామము. చిన్న సరస్సు, దానిలో బాతులు, హంసలు, ఒడ్డున 12వ శతాబ్దపు రాతి దేవాలయము. 1805 మొదలు 1840 వరకు అక్కడ కాపరిగా నున్న జాన్ థామ్సన్ పేరుపొందిన చిత్రకారుడు. ప్రఖ్యాత రచయిత వాల్టర్ స్కాట్ ఆ సంఘములో పెద్దగా ఉండెను.

మేము ఆ దేవాలయపు గేటు వద్దనే చాలసేపు నిలిచిపోతిమి. ప్రక్క గోడకు గొలుసుతో ఒక ఇనుప కంఠపట్టె వ్రేలాడుచున్నది. పూర్వము తప్పు చేసినవారిని, సంఘపెద్దల తీర్పు చొప్పున, దానిలో మెడ బిగించి అందరి యెదుట నిలువబెట్టెడివారు. మా ఇంటివారు దానిని చేతితో ఎత్తి చూచి, "మెడకంటె మనస్సుకే ఇది బరువు" అనిరి.

అదే గేటు వద్ద ఒక చిన్న కావలి బురుజు కూడ ఉన్నది. 19వ శతాబ్దపు తొలినాళ్లలో వైద్య పాఠశాలలకు అమ్ముటకై దొంగలు సమాధులు త్రవ్వి శవములను ఎత్తుకొనిపోవుచుండిరి. 1832లో చట్టము వచ్చి ఆ వ్యాపారము అణగువరకు ఈ బెడద ఉండెను. అందుచేత కావలివారు రాత్రులు ఆ బురుజులో మేల్కొని తమవారి సమాధులను కాచిరి.

ప్రియ చదువరులారా, బ్రతికియున్నవారి మెడకు ఇనుము తగిలించిన సంఘమే, చనిపోయినవారి కొరకు నిద్ర మానుకొని కావలి కాసినది! ఇది ఆ దేశమునకే చెందిన మాటా? మేమెరిగిన ఒక పల్లెలో, తప్పిపోయిన ఒక యౌవనస్థురాలిని కూడిక మధ్య నిలువబెట్టి ప్రశ్నించిరి. ఆ కుటుంబము మరల మందిరపు గడప త్రొక్కలేదు. వారి యింట తాతగారు మరణించినప్పుడు మాత్రము అందరును వెళ్లి, పెట్టె మోసి, కన్నీరు కార్చిరి. ఆ ప్రేమలో కొంత ముందుగానే చూపియుండిన ఆ బిడ్డ నేడు మన మధ్య కూర్చుండెడిది కాదా?

క్రమశిక్షణ వలదని మేమనుట లేదు. తప్పును తప్పనవలసినదే. అయితే నలుగురిలో కాదు, ఆ యింటి అరుగుమీద కూర్చుండి, తండ్రివలె మాటలాడవలెను. డడింగ్‌స్టన్‌లోని కంఠపట్టె ఇప్పుడు చూచుటకు మాత్రమే. మన సంఘములలో కంటికి కనబడని పట్టెలు ఇంకను ఎవరి మెడనున్నవో, ఈ వారమే వెళ్లి వాటిని విప్పుదము.