కంటికి కనబడని కోట

పిల్లలూ! గోలకొండ కోటను మీలో చాలామంది చూసే ఉంటారు. అదే హైదరాబాదులో, హబ్సిగూడలో, నేను మరొక కోట చూశాను. అది కంటికి కనబడదు.

హబ్సిగూడలో సి.సి.ఎం.బి. అనే పరిశోధనాలయం ఉన్నది. 1977లో వెలసిన ఈ సంస్థ జీవకణాల రహస్యాలను శోధిస్తున్నది. బడిపిల్లలను లోపలికి రానిచ్చే రోజున మా మనమణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఒక పరిశోధకురాలు సూక్ష్మదర్శినిలో మనిషి కణాన్ని చూపారు. దాని నడుమ గుండ్రని కేంద్రకం, కేంద్రకం అంచున రంగు వేసిన ఉంగరం మెరుస్తున్నవి.

"ఈ ఉంగరం లామినా. లామిన్లనే ప్రోటీను పోగులు అల్లుకున్న గోడ," అన్నారామె. వీణా పర్నాయక్ అనే శాస్త్రజ్ఞురాలు ఇక్కడే చాలా ఏళ్ళు లామిన్లను పరిశోధించారట.

"గోడ లోపల ఏముందండీ?" అన్నాడు మావాడు.

"డి.ఎన్.ఎ. దారం, బాబూ. సాగదీస్తే సుమారు 2 మీటర్లు! అది ప్రోటీనులకు చుట్టుకుని క్రోమాటిన్‌గా ఉంటుంది."

"చిక్కుపడదూ?"

"పడదు. దారంలో సుమారు మూడోవంతును లామినా తన వారగా పట్టుకుని ఉంటుంది. అక్కడ దారం ముడుచుకుని ఉంటుంది, జన్యువులు చాలావరకు నిద్రపోతుంటాయి. లోపలి భాగాలలో ఎక్కువ జన్యువులు పనిచేస్తుంటాయి."

నాకు మా బడి గ్రంథాలయం జ్ఞాపకం వచ్చింది. అక్కరలేని పుస్తకాలు గోడవార బీరువాలలో, కావలసినవి బల్ల మీద! కండ కణంలోనూ, మెదడు కణంలోనూ పుస్తకాలు అవే. బల్ల మీదికి వచ్చేవి వేరు.

"గోడ పాడైతే?" అన్నాడు మావాడు.

ఆమె మరో బొమ్మ చూపారు. అందులోని కేంద్రకం ఎండిన ఉసిరికాయలా ముడతలు పడి ఉన్నది. అది ప్రొజీరియా అనే అరుదైన జబ్బు గల బిడ్డది. లామిన్-ఎ జన్యువులో ఒక్క అక్షరం మారడమే దీనికి కారణమని 2003లో తెలిసింది. గోడ వంకరపోతే దారం పట్టు తప్పుతుంది. ఆ పిల్లలకు తెలివి చక్కగానే ఉంటుంది. కాని చిన్నతనంలోనే జుట్టు రాలిపోతుంది, చికిత్స లేకపోతే సుమారు 14, 15 ఏళ్ళకే గుండె ఆగిపోతుంది. 2020లో అమెరికాలో లోనాఫార్నిబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. అది ఆయువును కొంత పెంచుతుంది, జబ్బును మాన్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "తాతయ్యా, ఒక్క అక్షరమేనా?" అన్నాడు.

30 ఏళ్ళకు పైగా పిల్లల అక్షరదోషాలు దిద్దినవాణ్ణి నేను. "ఒక్కటే, నాయనా! 2021లో శాస్త్రజ్ఞులు ఎలుకలలో దాన్ని దిద్దగలిగారు. బిడ్డలలో దిద్దటం ఇంకా మిగిలి ఉన్నది," అన్నాను.