కొత్త చైను

ఖతర్‌లో సైకిలు మనకు రెండు వేషాల్లో కనిపిస్తుంది. 2016 అక్టోబరులో దోహాలో ప్రపంచ సైకిలు పందేలు జరిగాయి. 2020లో అల్‌ఖోర్ రోడ్డు వెంట 32.869 కిలోమీటర్ల సైకిలు బాట వేసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. చలికాలం శుక్రవారాల్లో మనవాళ్ళు కొందరు హెల్మెట్లు పెట్టుకుని సరదాగా తొక్కే సైకిలు ఒకటి. ఎండ ముదరకముందే, వెనక టిఫిను డబ్బా కట్టుకుని పనికి పోయేవాళ్ళ సైకిలు రెండోది. నేను చెప్పబోయేది ఈ రెండోదాని గురించీ, దాని విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని గురించీ.

మా కాంపౌండులో తోటపని చేసే అతనిది జగిత్యాల దగ్గర పల్లెటూరు. అతని సైకిలు వీధి మలుపులో ఉండగానే గరగర వినిపించేది. చూద్దును కదా, చైను ఊయలలా వేలాడుతోంది. ఉగాదినాడు నాకు దానబుద్ధి పుట్టి కొత్త చైను కొనిచ్చాను. ఇరవయ్యేళ్ళుగా యంత్రాల మధ్య బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఎవరినీ సలహా అడగాలని తోచలేదు.

మూడోనాడు అతను మోచేతికి కట్టుతో వచ్చాడు. రౌండెబౌట్ దగ్గర లేచి నిలబడి గట్టిగా తొక్కేసరికి చైను పళ్ళమీంచి దూకి, కాలు పట్టు తప్పి, రోడ్డుమీద పడ్డాడట. వెనక వస్తున్న కారు సమయానికి ఆగింది కాబట్టి సరిపోయింది. నాకు నోట మాట రాలేదు. అతనే అన్నాడు:

"పరేషాన్ గాకుర్రి సార్. పాతదే మల్ల ఎక్కిచ్చిన, మంచిగనే నడుస్తుంది. కొత్తది ఆ పండ్లమీద కూసుంటలేదు."

శాస్త్రమంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ తయారుచేసిన రోలరు చైనే ఈనాటికీ మన సైకిళ్ళకు ఆధారం. సైకిలు చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. చైను సాగిందని అంటాం గాని ఇనుము సాగదు. పిన్నులూ, వాటి చుట్టూ తిరిగే గొట్టాలూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. వంద పైచిలుకు చోట్ల వెంట్రుకవాసి చొప్పున అరిగితే మొత్తం మీద చైను పొడుగవుతుంది. అప్పుడు రోలర్లు పళ్ళను కొత్తచోట నొక్కుతాయి, పళ్ళు కొడవలి కొనల్లా వంగుతాయి. అంటే పాత చైనూ పాత ఫ్రీవీలూ కలిసి అరిగి, ఒకదానికొకటి సర్దుకున్నాయన్నమాట. కొత్త చైను ఆ గుంటల్లో ఇమడక, బరువు పడగానే దూకుతుంది. ఇంత తెలిసీ ఫ్రీవీలు వైపు ఒక్కసారి వంగి చూడలేదు నేను!

తరవాత ఇద్దరం మెట్లమీద కూర్చుని లెక్క వేసుకున్నాం. పాత జంటను విడదీయకుండా ఉన్నన్నాళ్ళు వాడాలి. చైను వదులైతే వెనక చక్రం కాస్త వెనక్కి జరపాలి. జరపడానికి చోటు లేనప్పుడు ఒక జత లంకెలు తీసెయ్యాలి. తొక్కుతుంటే ఎక్కడైనా జారిందంటే మాత్రం దాని ఆయుష్షు తీరినట్టే. అప్పుడు చైనూ ఫ్రీవీలూ ఒకేసారి మార్చాలి. నేను ఫ్రీవీలు కూడా కొనిస్తానంటే అతను ఒప్పుకోలేదు. "చైను దాచిపెట్టిన సార్. ఫ్రీవీలు నేనే కొంట," అన్నాడు. ఎనిమిది నెలలు పాత జంటతోనే తిరిగి, రెండూ ఒక్కరోజే మార్చాడు.

ఇక కొత్తవి ఎక్కువకాలం మన్నాలంటే ముందు ఇక్కడి ఇసుకతో జాగ్రత్త. జూన్, జూలైలలో షమాల్ వీచేటప్పుడు జిడ్డు చైను మీద సన్నని ఇసుక పడితే అది సానపట్టే ముద్దవుతుంది. గరగరమంటోందని మనం ఇంకాస్త నూనె పోస్తాం! చెయ్యవలసింది, మన ఊళ్ళో సైకిలుషాపువాడిలా కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, రోలరుకొక చుక్క వేసి, పైన మిగిలిన జిడ్డు గుడ్డతో శుభ్రంగా తుడిచెయ్యడం. కొందరు కరిగించిన మైనంలో ముంచి తీస్తారు. మైనానికి దుమ్ము అంతగా అంటుకోదు. గిన్నెను వేడినీళ్ళలో పెట్టే కరిగించాలి సుమా, నేరుగా మంటమీద పెట్టకూడదు.

ముందు పళ్ళచక్రం బోల్టులతో బిగించినదైతే, ఒకవైపు అరిగాక తిరగేసి బిగించుకోవచ్చు. క్రాంకుతో కలిసివచ్చే పాతరకానికి ఆ వీలు లేదు. రెండు చైన్లు కొని, నెలకొకటి చొప్పున మార్చి మార్చి వేస్తే, ఫ్రీవీలు మీద ఒక్క చైనే బాగా పొడుగైపోయే ప్రమాదం తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పనిముట్టు పిల్లల స్కేలు, అంగుళాలున్నది. ఒక పిన్ను మధ్యన సున్నా పెడితే, దాని తరవాత ఇరవైనాలుగో పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గరుండాలి. అంగుళంలో పదహారోవంతు దాటితే చైను మార్చండి, ఫ్రీవీలు దక్కుతుంది. ఎనిమిదోవంతు దాటితే పళ్ళు కూడా పాడయ్యుంటాయి.

మన బాల్కనీల్లో పిల్లల సైకిళ్ళు చాలా ఉన్నాయి. వచ్చే శుక్రవారం ఒకసారి కొలిచి చూడండి. స్కేలు లేనివాళ్ళు మా ఇంటికి రండి, ఇస్తాను. కాకపోతే ముందు తోటలో అడగాలి. నెలనెలా కొలవడానికని అతను పట్టుకెళ్ళిన స్కేలు ఇంకా తిరిగి రాలేదు.